మదనపల్లెలో దొంగ ఫేజు

కుప్పం స్టేషన్లో పాసింజర్ ఆగేసరికి ఏజెంట్ బాలప్ప కిటికీ పక్క సీట్లో నిద్రపోతున్నట్టే ఉన్నాడు. మెడ మీద సూది గుర్తు. బిగిసిన పిడికిలిలో ఒక పట్టుగూడు.

"పట్టుగూడంటే మదనపల్లె," అన్నాడు బ్యూరో చీఫ్ గంగులయ్య. "అక్కడి కోల్డ్ స్టోరేజీలో కొత్త జాతి పట్టుపురుగుల గుడ్లున్నాయి. అవి పోతే మన రైతులు విదేశీ కంపెనీ గుమ్మం ముందు నిలబడాలి. ఆ కంపెనీ పెంచిన ముఠా పేరు ఆర్కిడ్. బాలప్పను కాపాడుకోలేకపోయాం, ధనుంజయా. గుడ్లనైనా చూడు."

1998 మే. మిట్టమధ్యాహ్నం. జనరేటర్ మెకానిక్ వేషంలో ధనుంజయ చేరేసరికే కంప్రెసర్ ఆగిపోయింది. ఇన్‌ఛార్జి వనిత థర్మామీటర్ మీంచి చూపు తిప్పడం లేదు.

"పది డిగ్రీలు దాటితే గుడ్లలో పురుగు మేలుకుంటాదప్పా. ఎండకు మల్బరీ ఆకంతా మాడిపోయుండాది. పుట్టి ఏం తింటాయి? ఈ జాతి కోసరం తొమ్మిదేండ్లు కష్టపడినా."

"ఇప్పుడెంత?"

"ఎనిమిది."

కరెంటు పోతే జనరేటర్‌ను లేపి, లోడును దాని మీదికి మార్చాల్సింది ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్. డీజిల్ ఉంది, బ్యాటరీ బాగుంది. జనరేటర్ మాత్రం ఉలకదు, పలకదు. ధనుంజయ ప్యానెల్ తలుపు మీద చెయ్యి వేశాడు.

"తెరవకు!"

గుమ్మంలో నల్ల కళ్ళద్దాలు, ఆకుపచ్చ పట్టుచీర. ప్రీతి. ఆర్కిడ్‌లో బ్యూరో నాటిన మనిషి. జీతం రెండు వైపులా తీసుకునే మనిషి.

"గూడు కట్టిందా?" కోడ్ అడిగాడు.

"సీతాకోక ఎగిరింది. ఈ ప్యానెల్ తలుపుకు బాంబు కట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకూ అంతే. అక్కడ మూడు ఫేజుల్లో ఒకదాని ఫ్యూజు పీకారు. ఈ స్విచ్‌లో ఏదీ ముట్టలేదు."

"మరెందుకు పనిచేయదు?"

"అది నాకూ చెప్పలేదు."

"నువ్వసలు ఎవరి మనిషివి?"

"సాయంత్రం దాకా మీ మనిషిని." కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

బెంగళూరు నుంచి బాంబు స్క్వాడ్ వచ్చేసరికి చీకటి పడుతుంది. థర్మామీటర్ తొమ్మిది చూపిస్తోంది.

ప్యానెల్ అద్దం వెనక మూడు ఫేజుల దీపాలూ వెలుగుతున్నాయి. ఫ్యూజు పీకిన ఫేజు ఎలా వెలుగుతుంది? చేతిగడియారంలో దాచిన వోల్ట్‌మీటర్ తీగలను గోడ మీద ఆ ఫేజు సాకెట్లో పెట్టాడు. వోల్టేజీ తక్కువే, కానీ ఉంది. కంప్రెసర్‌కు చాలదు. కరెంటుందని స్విచ్‌ను నమ్మించడానికి చాలు.

గోడ అవతల బావి మోటారు గుయ్యిమంటోంది.

ధనుంజయ గోడ దూకాడు. ఒక ఫేజు లేకపోతే రైతులు కండెన్సర్ పెట్టి మోటారు నడుపుతారు. తిరిగే మోటారే లేని ఫేజును పుట్టించి లైనులోకి తోస్తుంది. ధనుంజయ వాళ్ళింట్లోనూ అదే పద్ధతి. పక్క పొలం రైతు బైరప్ప టమేటాలకు నీళ్ళు కట్టే వేళ చూసి మరీ ఫ్యూజు పీకారు. హంతకులు ఈ ఊరి సేద్యం కూడా చదువుకునే వచ్చారు.

"మోటారు ఆపప్పా!" పిస్టల్ తీశాడు.

బైరప్ప పార ఆనుకుని తీరిగ్గా చూశాడు. "కాల్సుకో. నన్ను కాల్సినాక మడికి నీళ్ళెవురు కడతారు, మీ నాయనా?"

"లోపల గుడ్లు చస్తాండాయి."

"ఈడ నా నారు సస్తాంది. కరెంటు మల్లా యెప్పుడొస్తాదో సెప్పు, ఆపేస్తా."

బైరెడ్డిపల్లెలో ధనుంజయ వాళ్ళ నాయనకు కూడా ఆ మాట ఎవరూ చెప్పలేదు.

"తొమ్మిదిన్నర దాటిందీ!" గోడ మీంచి వనిత గొంతు చీలింది.

"నీళ్ళు నేను మోస్తానప్పా."

"ఆపీసు సేతులు నీవి. రెండు బిందెలకే పారిపోతావు."

ధనుంజయ పిస్టల్‌ను బైరప్ప చేతిలో పెట్టాడు. "తాకట్టు."

బైరప్ప దాన్ని తలగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. స్టార్టర్ ఎర్ర బటన్ నొక్కాడు.

నిశ్శబ్దం. ఇంకా నిశ్శబ్దం.

గోడ అవతల జనరేటర్ గర్జించింది. ఆ వెనకే స్విచ్ టక్కున మారింది.

కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గరి గుడ్ల ట్రేలన్నీ వేడెక్కి చెడిపోయాయి. మూలనున్న నాలుగు ట్రేలను వనిత ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. విత్తనానికి అవి చాలు. అంతకు మించి ఏమీ లేదు. ఆర్కిడ్ మనుషులు అప్పటికే సరిహద్దు దాటేశారు.

పొద్దు వాలాక వైర్‌లెస్‌లో గంగులయ్య అడిగాడు. "మిషన్ పూర్తయిందా?"

బిందె దించకుండానే ధనుంజయ బదులిచ్చాడు.

"ఇంకా రెండు మళ్ళు ఉండాయి సార్."