పది తప్పులు

సెలవులో ఉన్న మనిషిని శనివారం మధ్యాహ్నం కారు పంపించి మరీ పిలిపించారు. డిపార్ట్‌మెంట్లో అందరూ ఆయన్ని రిసీవర్ అంటారు. ముప్ఫై ఏళ్ళపాటు చుక్కలూ గీతలుగా వచ్చే శత్రువుల మోర్స్ సందేశాలను చెవులతో విని కాగితం మీద పెట్టిన ఏజెంట్. మారువేషాల్లో మూడు సరిహద్దులు దాటాడు, రెండుసార్లు తుపాకీ గుండు తప్పించుకున్నాడు. మోకాళ్ళ నొప్పిని మాత్రం తప్పించుకోలేక ఇప్పుడు లిఫ్ట్ ముందు నిలబడ్డాడు. అది పనిచెయ్యడం లేదని వాచ్‌మన్ తాపీగా చెప్పాడు.

రెండో అంతస్తులో చీఫ్ మూడు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు. ఒక విదేశీ ముఠాకి రహస్య సంకేతాలు తయారుచేసిన లెక్కల మాస్టారు నలభై రోజుల క్రితం లొంగిపోయాడు. ఇదే బిల్డింగులో నాలుగో అంతస్తు గెస్ట్ రూములో దాక్కుని ఉన్నాడు. ఈరోజు నాలుగు గంటలకి వంతెన అవతల విచారణ కమిటీ ముందు ముఠా సభ్యుల పేర్లన్నీ చదువుతాడు. ఆలోపే ఆయన్ని చంపాలని ముఠా పట్టుదల. హంతకుడికి ఆర్డర్ రేడియోలో వస్తుంది. ఎప్పుడంటే, ఇవాళే. ప్రపంచంలోని అమెచ్యూర్ రేడియో పిచ్చివాళ్ళందరూ మోర్స్ పోటీలో ఒకరినొకరు పిలుచుకునే రోజిది. వేల స్టేషన్ల టకటకల మధ్య ఒక హత్యని దాచడం ఎంత పని?

“నన్నేం చెయ్యమంటారు?” అన్నాడు రిసీవర్.

“ఏమీ వద్దు. కూర్చో చాలు. ఇప్పుడు మోర్స్ వినే మిషనొకటుంది. అది డీకోడ్ చేసిన దాని కింద ఒక మనిషి సాక్షి సంతకం ఉండాలని రూలు.”

సంతకం అనేసరికి రిసీవర్‌కి నోరు చేదెక్కింది. పదకొండు నెలల క్రితం ఇదే గదిలో ఒక సంతకం పెట్టాడు. ఆ సంగతి తరవాత.

మిషన్ ఒకేసారి రెండొందల స్టేషన్లు వింటుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీరమ్మ దాన్ని ‘మావాడు’ అంటుంది. మావాడికి నిద్ర రాదు, మావాడికి టీ అక్కర్లేదు, మావాడు రిటైరవడు అని ఆవిడ చెబుతుంటే రిసీవర్ బుద్ధిగా తలూపాడు. వాదించే ఓపిక ఏనాడో పోయింది.

రెండు నలభైకి మావాడు పట్టేశాడు. పోటీలో ప్రతి పలకరింపుకీ ఒక వరస నంబరు ఇవ్వాలి. ఒక స్టేషన్ ఇస్తున్న నంబర్లు వరసలో లేవు. మిషన్ వాటిని విడగొట్టి తెర మీద వాక్యం చేసిపెట్టింది: వంతెన దగ్గర, మూడు యాభై. ఇంజనీరమ్మ కళ్ళు మెరిశాయి. చీఫ్ గార్డులందరినీ వంతెనకి తరిమాడు. నాలుగో అంతస్తులో ఒక్క గార్డే మిగిలాడు. అంత హడావిడిలోనూ మాస్టారు కిందికి కబురు పెట్టాడు, నలభై రోజుల గడ్డంతో కమిటీ ముందు నిలబడేది లేదని. ఎవరినో పిలిపించుకోమని చీఫ్ విసుక్కున్నాడు.

ఊరికే కూర్చోలేక రిసీవర్ ఆ స్టేషన్ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. నాలుగు అక్షరాలు వినేసరికి వాల్యూమ్ పెంచాడు. పోటీల్లో ఇప్పుడు అందరూ కంప్యూటర్‌తో పంపుతారు. ఇది మాత్రం చేత్తో పంపుతున్నది. మనిషి నడకలాగే మోర్స్ కొట్టే చేతికీ ఒక తీరుంటుంది, ఈ చేతి తీరు ఆయనకి బాగా తెలుసు.

మరదలిది. భార్యకి ఒక్కగానొక్క చెల్లెలు. వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసుని చెంచాతో కొట్టిస్తూ ఆమెకి మోర్స్ నేర్పింది ఆయనే. డిపార్ట్‌మెంట్‌కి తెచ్చిందీ ఆయనే. లాకెట్లో కెమెరా, పెదాల మీద ఎర్ర రంగు, నోట్లో నాలుగు భాషలు. ముఠా పార్టీల్లో డబుల్ ఏజెంట్‌గా తిరిగింది. ఉన్నట్టుండి ఆమె సందేశాలు ఆగిపోయాయి. ఆమె శత్రువులో కలిసిపోయిందని రిపోర్టు తయారైంది. దాని మీద ఆయన సంతకం పెట్టాడు. నిజంగానే నమ్మి పెట్టాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తుంది, వడ్డించిన కంచం వైపు చూసి మాట్లాడుతుంది.

“మా మరదలే,” అన్నాడు గొంతు తగ్గించి.

“తెలిసిందేగా, అటు వెళ్ళిపోయింది,” అన్నాడు చీఫ్.

ఆయన మళ్ళీ విన్నాడు. ఆమె తప్పులు చేస్తోంది. మోర్స్‌లో తప్పు కొడితే వెంటనే ఎనిమిది చుక్కలు కొట్టి సరైన అక్షరం మళ్ళీ పంపాలి. మిషన్ ఆ చుక్కలు వినగానే తప్పుని తుడిచేసి శుభ్రమైన వాక్యం చూపిస్తుంది. తెర మీద ఒక్క మచ్చ లేదు. కానీ నేర్చుకునే రోజుల్లో కూడా తప్పు కొట్టని పిల్ల, ఇప్పుడు ఐదు నిమిషాలకొకటి కొడుతుందా?

పెన్సిల్ తీశాడు. మిషన్ తుడిచేసిన అక్షరాలని ఒక్కొక్కటే పక్కన పెట్టుకున్నాడు. బి. ఏ. వి. ఏ. ఆగిపోయాడు. ప్రపంచంలో తనని బావా అని పిలిచే మనిషి ఒక్కతే. కళ్ళు మసకబారితే తుడుచుకున్నాడు. తరవాత ఇంకో ఆరు తప్పులు వచ్చాయి. జి, ఏ, డి, డి, ఏ, ఎమ్. అంతే. ఆ పైన ఒక్క పొరపాటు లేదు.

ఇంజనీరమ్మ భుజం మీంచి తొంగి చూసింది. “గాడ్ డామ్. తిట్టుకుంటోంది సార్. చెయ్యి నొప్పేమో.”

ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు సందేశాలు రాసుకున్న పాపానికి ఆయన కూడా అలాగే చదివాడు. గోడ గడియారం మూడు ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది. బావా అని తెలుగులో పిలిచి, తిట్టడానికి ఇంగ్లీషులోకి ఎందుకు పోతుంది? ఆలోచిస్తూ నుదురు రుద్దుకున్నాడు, అలవాటుగా చెంప మీదికి వచ్చింది చెయ్యి. రెండు రోజుల మాసిన గడ్డం గరగరలాడింది.

గడ్డం.

పరిగెత్తే కాళ్ళు కావు. ఫోన్ లాక్కుని నాలుగో అంతస్తుకి కొట్టాడు. ఆరో రింగుకి గార్డు ఎత్తాడు. గదిలో ఎవరున్నారని అడిగితే క్షౌరం చేసేవాడు వచ్చాడని చెప్పాడు.

“నేనే ఒళ్ళంతా తడిమి చూశాను సార్. కత్తి, కత్తెర, సబ్బు. ఇంకే ఆయుధాల్లేవు.”

“నువ్వెక్కడున్నావు?”

“లోపలే నిలబడి చూస్తున్నాను సార్. మీరు ఫోన్ చేశారని వరండాలోకొచ్చాను.”

కాపలావాణ్ణి గదిలోంచి బయటికి లాగింది తనే. “వాడే హంతకుడు. కత్తి లాగెయ్, పో.”

పైన గార్డు వదిలేసిన ఫోన్ వైరుకి వేలాడుతూ గోడకి కొట్టుకుంటోంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. బూట్లు. తలుపు. కుర్చీ పడింది, నీళ్ళ గిన్నె దొర్లింది, ఎవరో మూలిగారు. తరవాత ఏమీ లేదు. ఆయన జీవితంలో విన్న నిశ్శబ్దాలన్నిటిలోకీ అదే పొడుగైనది. చివరికి ముసలి గొంతు ఒకటి సన్నగా గొణిగింది, సగమే గీశాడండీ, మిగతా సగం ఎవరు గీస్తారు అని.

కుడి చెంప మామూలు బ్లేడుతోనే గీశాడట. గార్డు బయటికి పోగానే బ్లేడు మార్చాడు. రెండోదానికి విషం రాసి ఉంది, గాటు పడితే చాలు. గార్డు చెయ్యి పట్టుకునేసరికి అది మాస్టారు గొంతుకి అంగుళం దూరంలో ఉంది. వంతెన సందేశం గార్డులని అటు తరమడానికి వేసిన ఎర; అక్కడ పద్నాలుగు మంది ఖాళీ రోడ్డుని కాపలా కాశారు. మాస్టారు సగం గడ్డంతోనే కమిటీ ముందు నిలబడి పదిహేడు పేర్లు చదివాడు.

ఆ ట్రాన్స్‌మిటర్ ఏ ఇంట్లో ఉందో మాత్రం మావాడే కనిపెట్టాడు. న్యాయంగా ఆ మాట చెప్పుకోవాలి. సాయంత్రం ఆరున్నరకి మరదల్ని తీసుకొచ్చారు. పట్టు గౌను, గిల్టు నెక్లెస్, చేతిలో హైహీల్స్. కుర్చీలో కూలబడి టీ అడిగింది. వేళ్ళు వాచి ఉన్నాయి.

పక్కన పిస్తోలు పట్టుకుని కూర్చున్నవాడికి మోర్స్ రాదని, వాడి ముందు కూడా ఇలాంటి మిషనే ఉందని చెప్పింది. తన తప్పులన్నీ అదే తుడిచి దాచిపెట్టిందట. ఇంజనీరమ్మ వెళ్ళి తనే టీ తెచ్చింది.

రిసీవర్ నిలబడే ఉన్నాడు. “ఆ రిపోర్టు మీద సంతకం...”

“చూశాను బావా. ఎవడో దాని కాపీ వాళ్ళకి అమ్మాడు. అప్పటికి నామీద అనుమానమొచ్చి, రేపో మాపో చంపేద్దామనుకుంటున్నారు. సొంత బావే నన్ను ద్రోహి అంటే ఇంకేం కావాలి? ఆ కాగితం చూశాకే నన్ను నమ్మారు. ఆ కాగితమే నన్ను బతికించింది.” గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నవ్వింది. “అక్కకి చెప్తాను, నీ తెలివికి దణ్ణం పెట్టమని. అది నీ ప్లానే కదా, బావా?”

ఆయన ఒక చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏమన్నావు? ఈ చెవి ఈమధ్య సరిగ్గా వినపడటం లేదు,” అన్నాడు, ముప్ఫై ఏళ్ళుగా ఆ చెవి మీదే జీతం తీసుకున్న మనిషి.