వదులు మీట

రెండో పడవకు దారి చెబుతున్న మాట సగంలో ఉండగా గంట మోగింది. పైడమ్మ వదులు మీట నొక్కింది. మూడో పడవవాడి గొంతు చెవిలోకి వచ్చింది. ఆ పడవ వివరాలు దాచి ఉంచే దాపుపలక కళ్లముందు వెలిగింది: దిక్కు, లోతు, ఆఖరున చెప్పిన మాట. ఒక్కో పడవకు ఇరవై సెకన్లు. పొగమంచు రోజుల్లో రేవుగదిలో మనిషికి తొమ్మిది పడవలు. ప్రతి పడవవాడూ ఆమె తనొక్కడి కోసమే కూర్చుందనుకుంటాడు.

పడవల వరస చూసే వంతుయంత్రం గంట కొడుతుందంతే. వదలాల్సింది మనిషే. నొక్కనివాళ్లు ఉండరన్న నమ్మకం మీదే పెద్దలు దాన్ని కట్టారు. పదకొండేళ్లలో పైడమ్మ ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. అందుకు గోడమీద ఆమె ఫోటో కూడా పెట్టారు పాపం.

ఐదో పడవకు "ఎడమకి" అని చెప్పింది. ఆ మాట నాలుక మీదే మిగిలిపోయి, ఆరో పడవలో ఒంటరిగా వస్తున్న సింహాద్రికీ ఎడమకే అంది. ఏడోది వచ్చాకగానీ తట్టలేదు. సింహాద్రికి ఎడమన ఉన్నది రాళ్లగట్టు. యంత్రం వరస తప్పనివ్వదు. అందుకని ఏడో పడవ మొదలు మిగతా ఎనిమిది పడవలకూ ఒకటే మాట చెప్పి, గంట కోసం ఆగకుండా మళ్లీ ఆరోది వచ్చేదాకా మీట నొక్కుకుంటూ పోయింది: లంగరేసి ఉండండి, ఆరోవాడు రాళ్లవైపు పోతున్నాడు.

"అప్పా, రాళ్ల చప్పుడినబడతంది," అన్నాడు సింహాద్రి.

"తప్పు నాదే తమ్ముడూ. ఇంజను తగ్గించి కుడికి తిప్పు. మెల్లగా."

గంట మోగింది.

"ఎల్లిపోతావేటప్పా?"

"ఎల్లను," అంది పైడమ్మ. చేతిని మీట మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

గది అధికారి నూకరాజు పరుగున వచ్చి, ఎనిమిది పడవలు ఆగిపోయాయమ్మా, వదలండి అన్నాడు. ఆమె తల తిప్పలేదు. గంట పదిసార్లు మోగింది. పదకొండోసారికి సింహాద్రి రేవు గోడకు తాడు విసిరాడు. వాడు ఏడుస్తున్నాడని ఆమెకు తెలిసింది. తనూ ఏడ్చింది.

అప్పుడు నొక్కింది. ఏడో పడవ ముసలాయన లంగరు మీదే ఉన్నాడు.

"ఆడొచ్చీసేడా?"

"వచ్చేడు బాబూ."

"అయితే ఇప్పుడు నా వంతు. నన్నూ దిగబెట్టేదాకా వదలకు."

గంట మోగింది. పైడమ్మ చేయి కదల్లేదు. పక్క బల్ల దగ్గరా గంట మోగింది. అక్కడా మీట నొక్కిన చప్పుడు రాలేదు.