రెండో వైపు దగ్గు

రికార్డు శనివారం మధ్యాహ్నం వచ్చింది. అట్టపెట్టె మీది వాన చుక్కలు తుడిచి, కత్తితో టేపు కోసి, కాగితపు తొడుగులోంచి అంచులు పట్టుకుని బయటికి తీశాను. నల్లగా తళతళలాడుతోంది. పాత అట్ట వాసన. దాని అడుగున, ఎక్కడో, దగ్గుమందు వాసన.

"వచ్చిందా నీ నల్ల పళ్ళెం?" అంది చెల్లెలు లోపలి గదిలోంచి. ఆ వెంటనే దగ్గు.

దాని దగ్గు నాకు కంఠతా వచ్చు. తెరలు తెరలుగా వచ్చి, చివర ఎక్కిలి లాంటి చిన్న కుదుపుతో ఆగుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టరు చెప్పి ఏడాది దాటింది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను రాత్రీ పగలూ గురగురమంటూనే ఉంటుంది. చెల్లెలికి నేను, నాకు అది. ఇంకెవరూ లేరు. ఆ మాట చెప్పుకుని ఏడవడం నాకు చేతకాదు. అది బతకాలి, అంతే.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉన్న ఒకే ఒక్క పిచ్చి జాజ్ రికార్డులు. ఈమధ్య మళ్ళీ అచ్చేసినవి కాదు, మొట్టమొదట అచ్చయిన అసలు ప్రతులు. వాటి కోసం ఆన్‌లైన్ వేలంపాటల్లో కాచుకుని కూర్చుంటాను. "పాట వినడానికి ముందు పాట పాడడమేంటే అక్కా!" అని చెల్లెలి వెక్కిరింత.

ఈ రికార్డు ఓ చిన్న క్లబ్బులో జనం ముందు వాయిస్తుండగా తీసింది. అమ్మినతను వివరాల్లో ఇలా రాశాడు: "శుభ్రంగా కడిగాను. రెండో వైపు మధ్యలో ఒకాయన దగ్గుతాడు. అది రికార్డింగులోనిదే, లోపం కాదు."

నన్ను పట్టుకున్నది ఆ మాటే. ఇదే రికార్డు ఇంకో ప్రతి నేను విన్నాను. అందులో దగ్గు లేదు. ఒకే అచ్చులోంచి వచ్చిన ప్రతులన్నీ ఒకలాగే ఉండి తీరాలి. లేబుల్ పక్కన నున్నటి చోట గీసిన అచ్చు నంబరు టార్చి వేసి చూశాను. అదే నంబరు.

రెండో వైపు తిప్పి సూది ఆనించాను. శాక్సోఫోన్ మెల్లగా మొదలైంది. గ్లాసుల చప్పుడు, ఎవరిదో నవ్వు. పియానో ఒక్కటే మిగిలిన చోట...

"హుఁ" అని గొంతు సవరించుకున్నారెవరో. తర్వాత రెండు పొడి దగ్గులు. ముసలి గొంతు.

సూది ఎత్తి మళ్ళీ పెట్టాను. హుఁ. రెండు పొడి దగ్గులు. ఆ వెనకే ఇంకో దగ్గు, తెరలు తెరలుగా, చివర ఎక్కిలితో.

అది చెల్లెలి దగ్గు.

"అక్కా, ఆకలేస్తోందే."

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కుకి గొట్టం లేదు.

ఆ రోజు నుంచి రోజూ వేశాను. వేసినప్పుడల్లా రికార్డులో చెల్లెలి దగ్గులు పెరిగేవి, ఇంట్లో తగ్గేవి. ఎలా అని నన్నడగొద్దు. ఫిజిక్స్ చెప్పేదాన్నే, నాకూ తెలీదు. డాక్టరు ఎక్స్-రే వెలుగుకి పెట్టి చూసి, "ఏం వాడుతున్నారు?" అన్నాడు.

"జాజ్," అన్నాను. నవ్వాడు.

తర్వాత రికార్డు నిండిపోయింది. సంగీతం లేదు. దగ్గుల మీద దగ్గులు, తిరునాళ్ళ గుంపులా తోసుకుంటూ. చెల్లెలి దగ్గు తిరిగొచ్చింది, మునుపటి కంటే ఘోరంగా. మాట్లాడాలంటే రెండు ఊపిరులు అప్పు తెచ్చుకోవాల్సి వచ్చేది.

ఇంకో ప్రతి వేలానికొచ్చింది. ఉన్నదంతా ఊడ్చి పాడాను. ఆఖరి క్షణంలో ఎవరో నా మీద పాడి పట్టుకుపోయారు.

"పోనీలేవే," అంది చెల్లెలు. పెదాలు నీలంగా ఉన్నాయి. "పళ్ళేనికేం... వస్తుంది ఇంకోటి."

వచ్చేదాకా చెల్లెలు ఉండదు. ఇద్దరికీ తెలుసు.

అప్పుడు తట్టింది. రికార్డు గాడి దుమ్ముతో నిండితే ఏం చేస్తాం? కడుగుతాం. ఈ పిచ్చి ఉన్నవాళ్ళెవరైనా చేసే పనే. కడిగితే చోటు దొరుకుతుంది.

రికార్డుని భోజనాల బల్ల మీద మెత్తటి గుడ్డపై పెట్టి, డిస్టిల్డ్ వాటర్ పోసి, సన్నటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా తిప్పాను. బయట వాన. సాయంత్రమే అయినా గది చీకటి పడింది. వంచితే నీళ్ళు బేసిన్‌లోకి జారాయి. తేటగానే ఉన్నాయి.

బేసిన్‌లోంచి వినిపించింది.

హుఁ.

నీళ్ళు కదల్లేదు.

లోపలి గదిలో రెండు పొడి దగ్గులు... ముసలి గొంతు.

"అక్కా..." గుసగుసగా పిలిచింది చెల్లెలు. "ఇది నా దగ్గు కాదే..."

పరిగెత్తాను. ప్లేయరు దగ్గరికి. తడి రికార్డే పెట్టాను. సూది జారింది. మళ్ళీ పెట్టాను. తీసుకో... ఆ దగ్గులు మళ్ళీ తీసుకో... శాక్సోఫోన్ వచ్చింది. గ్లాసులు. నవ్వు. ఎన్నడూ లేనంత స్వచ్ఛంగా. దగ్గు లేదు. ఒక్కటీ లేదు. లోపలి గదిలో మాత్రం దగ్గు మీద దగ్గు...

పియానో ఒక్కటే మిగిలింది.

"అక్కా."

పిలుపు స్పీకర్లోంచి వచ్చింది. చివర, చిన్న ఎక్కిలి.

లోపలి గదిలో దగ్గు ఆగిపోయింది. మిషను చప్పుడొక్కటే.

వెళ్ళాను. చెల్లెలు మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. గొట్టం తీసి, చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టుకుంది. బుగ్గల్లో రంగు. ఊపిరి నున్నగా సాగుతోంది. నన్ను మర్యాదగా చూసింది.

"హుఁ. ఎవరమ్మా మీరు?"

ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు డాక్టరు. జ్ఞాపకం మెల్లగా వస్తుందట. ఆ మనిషి వేళకు తింటుంది, వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంది, నన్ను మీరు అంటుంది. నేను రోజుకొక్కసారే రికార్డు వేస్తాను. సూది ఆనిన ప్రతిసారీ గాడి అరుగుతుంది. నిన్న ఆ ఎక్కిలి వినిపించలేదు. ఇవాళ పిలుపు మాత్రం వింటే చాలనుకుంటూ కాలేజీ నుంచి వచ్చాను.

ప్లేయరు ఖాళీగా ఉంది. మూల పెట్టిన అట్టపెట్టె లేదు. బల్ల మీద నా కంప్యూటర్ తెరిచి ఉంది. చెల్లెలు దాన్ని ఏనాడూ ముట్టుకుని ఎరగదు.

వేలం ముగిసిందని ఉంది. కింద వివరాలు:

"శుభ్రంగా కడిగాను. రెండో వైపు మధ్యలో ఒకావిడ అక్కను పిలుస్తుంది. అది రికార్డింగులోనిదే, లోపం కాదు."

అమ్మినవారి పేరు చూశాను. నా పేరు కాదు. నాకు దాన్ని అమ్మినతని పేరే.

నా వెనక, బాగా దగ్గరగా, ఎవరో గొంతు సవరించుకున్నారు.