నలభై ఒక్క పదాలు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పది.

రోజు విడిచి రోజు ప్రయోగశాల ఊడ్చే ఆయా తలుపు తీసింది. కెవ్వున అరిచింది.

కుర్చీలో శవం. హోదాకు ప్రొఫెసర్. అందరి నోటా మాత్రం వానపాముల మేడమ్. పంతొమ్మిదేళ్లు పొలాల మట్టిలో వానపాములు లెక్కపెట్టిన మనిషి. నా అన్నవాళ్లు ఎవరూ లేరు.

"గుండెపోటు. ఆదివారం సాయంత్రమే పోయారు," అన్నాడు పోలీస్ డాక్టర్.

అంటే ఒకటిన్నర రోజు ఎవరూ ఆమెను వెతకలేదు. ఇన్‌స్పెక్టర్‌కు మనసు చివుక్కుమంది. తనూ ఒంటరిదే.

కేసు మూసేద్దామనుకుంటుండగా కంప్యూటర్ మీద చూపు ఆగింది. సదస్సుకు పరిశోధన సారాంశం అందినట్టు రసీదు. పంపిన సమయం: సోమవారం ఉదయం, 11.40.

చనిపోయిన మనిషి పంపిందా?

కాదు. ఎవరో వచ్చారు. శవం పక్కనే కూర్చుని పని ముగించుకుని, నోరు మెదపకుండా వెళ్లిపోయారు.

బల్ల మీద చిత్తుప్రతి ఉంది. 291 పదాలు. సదస్సు పెట్టిన హద్దు 250. పంపింది సరిగ్గా 250. గడువు సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలు.

ఆ గది తాళంచెవి ఆయా కాక ఇంకా ముగ్గురి దగ్గరుంది. సాయంత్రం నాలుగింటికి ముగ్గురినీ అక్కడే కూర్చోబెట్టింది.

"నిన్న పదకొండున్నరకు ఎక్కడున్నారు?"

"మీటింగ్‌లో. పదిమంది చూశారు," అన్నాడు విభాగాధిపతి.

"నువ్వమ్మా?"

"లైబ్రరీలో, ఒక్కదాన్నే," అంది శిష్యురాలు, కళ్లు తుడుచుకుంటూ. "నేను చేరి నాలుగు నెలలే అయిందండీ. మేడమ్ పని దొంగిలిస్తానా?"

"ఎవరూ దొంగిలించలేదు. పంపినదాంట్లో ఆమె పేరొక్కటే ఉంది. సార్, మీరు?"

పక్కగది ప్రొఫెసర్ తలెత్తలేదు. "నా గదిలో. మొదటి పదేళ్లూ కలిసే పనిచేశాం. ఒక వ్యాసంలో నా పేరు తీసేసింది. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు."

ఇన్‌స్పెక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"ఏం చేర్చారా అని చూస్తూ కూర్చున్నాను. ఏం తీసేశారో చూడాల్సింది. వానపాముల లెక్క చెడకుండా కత్తిరించారు. ఆ లెక్కలు స్వయంగా వేసినవాళ్లకే అది సాధ్యం. అక్కడో పదం, ఇక్కడో పదం పోయాయి. పూర్తిగా పోయిన వాక్యం ఒక్కటే."

చదివింది. "'మొదటి పదేళ్ల పరిశీలన నా పాత సహచరుడిది, అతని పేరు తీసేయడం నా తప్పు.'"

మిగతా ఇద్దరూ పక్కగది ప్రొఫెసర్ వైపు తిరిగారు.

"పగవాడైతే ఈ వాక్యాన్నే ఉంచి, మిగతాది కొట్టేసేవాడు. కదా సార్?"

ఆయన అప్పుడు తలెత్తాడు.

"రాత్రంతా లైటు వెలుగుతూనే ఉందని వెళ్లాను. చెయ్యి చల్లబడిపోయింది. గడువు అరగంట కూడా లేదు. మీకు చెబితే గదికి సీల్ వేస్తారు. అందుకే ముందు పంపేశాను."

"పంపాక?"

"తొమ్మిదేళ్లు గోడకు అవతలే ఉండి పలకరించనివాణ్ణి. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"దాచడం తప్పు. స్టేట్‌మెంట్ ఇవ్వాలి."

"ఇస్తాను. ఆమెను తీసుకెళ్లడానికి ఎవరొస్తున్నారు?"

"ఎవరూ లేరు."

ఆయన చెయ్యి చాచాడు. ఇన్‌స్పెక్టర్ శవాన్ని అప్పగించే ఫారం అందించింది. 'మృతురాలితో సంబంధం' అన్నచోట పెన్ను ఆగిపోయింది. ఆవిడ తొందరపెట్టలేదు.

చివరికి రాశాడు: సహపరిశోధకుడు.