కొంగు చాటు మాట

“జమునా... ఓ జమునా! మీ ఆయనను ట్రైనింగుల కెల్లి ఎల్లగొట్టిండ్రటనే!”

పక్క గది ఎల్లవ్వ గుమ్మంలో నిలబడి ఆ మాట అనేసరికి జమున చేతిలోని కత్తెర జారి ఒళ్లో ఉన్న చీర మీద పడింది. చీరల వెనక వేలాడే దారాలు ఇంట్లో కూర్చునే కత్తిరించి ఇవ్వడం ఆమె పని. చీరకు గాటు పడిందేమోనని చూసుకోవాలని కూడా తోచలేదు ఆమెకు!

“ఏందీ? ఎల్లగొట్టుడేంది ఎల్లవ్వా? నిన్న మొన్ననే గదా చేరింది!”

“మా కొడుకు రాజమల్లు గాడనే ఉన్నడు, కండ్లార చూసిండు. మేడం ఏదో సవాలు అడిగిందట, జవాబు చెప్పుమని. మళ్ల అడిగిందట. మీ ఆయన బెల్లం కొట్టిన రాయి లెక్క కూసున్నడట! ఆడపిల్ల చెప్తే నేను నేర్చుకునుడేందని మొగోని పౌరుషమట. బయటికి నడువమన్నది గా పిల్ల.”

సూరత్‌లో అడుగు పెట్టిన నాటి నుంచి రఘుపతికి తెలిసింది ఒక్కటే... మరమగ్గం. ఇప్పుడు కార్ఖానా సేఠ్ సాంచాలనే ఆ పాత మరమగ్గాలన్నీ తీసేసి, కంప్యూటర్ తెరలున్న కొత్త రేపియర్ మగ్గాలు దింపుతున్నాడు. పాండేసరలోని శిక్షణ కేంద్రంలో కోర్సు పాసైన వాళ్లకే వాటి మీద పని, కాని వాళ్లు తమ దారి తాము చూసుకోవలసిందే. వడోద్‌లోని ఈ లైన్ ఇళ్లలో ఎవరిని కదిపినా ఇప్పుడు అదే ముచ్చట. అలాంటి సమయంలో ఈ మనిషి పౌరుషానికి పోయి బయటికి వచ్చాడా?

వింతేమిటంటే, ఎల్లవ్వ మాటను జమున ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. ఆ మౌనం సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు కనుక!

అమ్మ పోయిన రోజు... అది తలచుకుంటే ఇప్పటికీ జమున గుండె మండిపోతుంది. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడే పని నుంచి వచ్చిన రఘుపతికి గుమ్మం దగ్గర ఎదురొచ్చి ఎల్లవ్వే చెప్పింది, అత్త పోయిందని. అతను లోపలికి వచ్చి పక్కన కూర్చున్నాడు. జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలి కుమిలి ఏడుస్తోంది. ఏడుపొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఆమెకు అమ్మ నేర్పిన అలవాటు. సన్నటి గోడల ఈ ఇళ్లలో అది ఇంకా బాగా అతుక్కుపోయింది. మన ఏడుపు పక్కింటికి వినపడితే పరువేం మిగులుతుంది చెప్పండి! ఆ కొంగు చాటు నుంచే మొగుడిని బతిమాలుకుంది.

“నువ్వు గూడ రా... ఒక్కదాన్నే అమ్మ ముందర నిలవడలేను... జర నాతోని రా...”

రఘుపతి ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. లేచి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు అతని చేతిలో రైలు టికెట్లు ఉన్నాయి. రెండే రెండు! ఒకటి జమునకు, ఒకటి కూతురు హారతికి.

దశదినకర్మ నాడు బంధువులంతా అల్లుడేడీ అని అడుగుతుంటే తల ఎత్తలేకపోయింది జమున. “బావకు మనకంటె సాంచాలే ఎక్కువ” అని తమ్ముడు అందరి ముందే అన్నాడు. ఆనాటి నుంచి ఆమె మొగుడితో అవసరానికి మించి మాట్లాడలేదు. కట్టుకున్న పాపానికి వండి పెడుతోంది, అంతే.

మధ్యాహ్నం దాటాక రఘుపతి వచ్చాడు. టిఫిన్ డబ్బా తెరవనైనా తెరవలేదు. జమున పొయ్యి వైపు తిరిగి రొట్టెలు కాలుస్తూనే అడిగింది.

“ఏం చేసినవ్ గాడ? ఎందుకు ఎల్లగొట్టిండ్రు?”

రఘుపతి చెప్పులు విప్పి మూలన పెట్టాడు.

“నిన్నే అడుగుతున్న! నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా? బిడ్డ చదువు ఆగిపోవాల్నా? ఈ ఇంట్ల మేము మనుషులమే గదా!”

అతను చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంతలో కాలేజీ నుంచి హారతి వచ్చింది. వస్తూనే తండ్రి భుజం తట్టి, ఎదురుగా కూర్చుని, “ఏమైంది బాపూ?” అంది.

“ఏం లేదు బిడ్డా. గా చదువు నాతోని కాదు” అన్నాడు రఘుపతి.

చూశారా! కూతురడిగితే చెప్పాడు. పెళ్లాం గొంతు చించుకున్నా పలకని మనిషి, కూతురు మెల్లగా అడిగితే పలికాడు! జమునకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని తనే శిక్షణ కేంద్రానికి బయలుదేరింది. కాళ్లు పట్టుకునైనా సరే, మళ్లీ లోపల కూర్చోబెట్టాలి. తను తలవంచుకోవడం కొత్తేమీ కాదు కదా!

పెద్ద రేకుల షెడ్డు. మధ్యలో ఒకే ఒక కొత్త మగ్గం, ఆగి ఉంది. దాని చుట్టూ నీలం చొక్కాల్లో నేర్చుకునే వాళ్లు. పాఠం చెప్పే అమ్మాయి పేరు నీరజ. జెడ పైకి ముడేసుకుని, గ్రీసు అంటిన చేతులతో ఎదురొచ్చింది. తెలుగింటి పిల్లే, ఇక్కడే పుట్టి పెరిగిందట.

“బిడ్డా, నీ కాళ్లు మొక్కుత! తెలివి తక్కువ మనిషి. నిన్ను తక్కువ చేసిండనుకోకు...”

“అరె ఆంటీ! గిట్ల చేయకుండ్రి, ప్లీజ్” అంటూ చేతులు పట్టుకుని ఆపింది నీరజ. “నాకు గుస్సా వచ్చింది నిజమే. అందరి ముందర అడిగిన, ఉలుకు లేదు పలుకు లేదు. పెద్దమనిషి, గట్లెందుకు చేసిండో సమజ్ అయితలేదు.”

“ఇంట్ల గూడ గంతే బిడ్డా! ముందరికొచ్చి అడిగితే ఒక్క మాట చెప్తడు. ఎనుక నుంచి ఎంత మొత్తుకో... బండరాయే! నేను గా బండతోనే కాపురం చేస్తున్న.”

నీరజ మొహంలో రంగు మారింది.

“ఏమన్నరు ఆంటీ? ముందరికొస్తేనే చెప్తడా?”

జమున తలూపింది. నీరజ గ్రీసు చేతులు గుడ్డకు తుడుచుకుంది. అటు తిరిగి చూసింది. రఘుపతి వాళ్లకు వీపు పెట్టి, ఆగి ఉన్న మగ్గం మీద పోగులను చేత్తో నిమురుతున్నాడు. నీరజ బల్ల మీది పెద్ద పానా తీసుకుంది. చప్పుడు కాకుండా వెళ్లి అతని వెనక నిలబడింది. చెయ్యి పైకెత్తి, ఆ ఇనుప పానాను కింద పరచిన రేకు మీద వదిలేసింది.

ఠంగుమని షెడ్డంతా దద్దరిల్లింది! కుర్రాళ్లు ఎగిరిపడ్డారు. ఒకడు “క్యా హువా!” అని అరిచాడు. జమున గుండె పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

రఘుపతి కదలలేదు.

కనీసం మెడ తిప్పలేదు! భుజం అదరలేదు! అతని వేళ్లు అలాగే, మెల్లగా, పోగుల మీద నడుస్తూనే ఉన్నాయి...

జమునకు భూమి కదిలిపోయినట్టయింది. ఏమిటిది? ఏం చూస్తోంది తను? ఫోన్ మోగితే ప్రతిసారీ “నువ్వు మాట్లాడు బిడ్డా” అని హారతికి ఇచ్చేయడం... ఎవరింటికి వెళ్లినా గోడకు వీపు పెట్టి అందరి మొహాలూ కనపడేలా కూర్చోవడం... టీవీలో పాటొస్తే పెదవుల వంకే చూడడం... అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి.

“మా బాపుది గూడ గిదే కథ ఆంటీ” అంది నీరజ. “సాంచాల మోతకు చెవులు పోయినయ్. మేమందరం మొండోడనుకున్నం. అసలు సంగతి తెలిసేసరికి మస్తు లేటయింది. నిన్న నేను బోర్డు దిక్కు తిరిగి అడిగిన... అంకుల్‌కు నా మొఖం కనవడలే. తప్పు నాదే.”

అవును, కార్ఖానాలో ఎవరికి మాత్రం తెలుస్తుంది! ఆ మోతలో చెవులున్న వాళ్లు కూడా పెదవులు చూసి, వేళ్లు చూసి మాట్లాడుకోవలసిందే. అక్కడ అతను అందరిలో ఒకడు. ఇంట్లో మాత్రం... ఇంట్లో మాత్రం బండరాయి!

గుట్టు బయటపడిన మొగుడిని వెంటబెట్టుకుని జమున ఇంటికి చేరింది. హారతి తలుపు తీసింది. తల్లి మొహం చూడగానే పిల్ల తల వాల్చేసింది. ఆ వాల్చిన తలను చూసి జమునకు రెండో పిడుగు పడింది.

“నీకు ఎర్కేనా?”

“అమ్మా... బడికాన్నుంచి వచ్చేటప్పుడు ఓ దినం ఎనుక నుంచి పిలిచిన. ఎంత పిలిచినా బాపు ఆగలే. అప్పుడే తెలిసింది. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకున్నడమ్మా, నీకు చెప్పొద్దని. మాట బయటపడి సేఠ్‌కు తెలిస్తే పని పోతదని భయం బాపుకు.”

కొట్టడానికి లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య, తను ఒక్కతే ఏమీ తెలియకుండా ఇన్నాళ్లు బతికిందా! దుఃఖం కట్టలు తెంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగుడి ముందు కూలబడింది. ఇన్నాళ్లుగా మింగిందంతా వెళ్లగక్కింది.

రఘుపతి ఆమెనే చూస్తున్నాడు. అమ్మ పోయిన రోజు చూసినట్టే చూస్తున్నాడు! ఆ తరువాత, ఎన్నడూ చేయని పని చేశాడు. చెయ్యి చాచి, ఆమె నోటికి అడ్డంగా ఉన్న కొంగును మెల్లగా కిందికి లాగాడు.

“నువ్వు నవ్వితే ఏమంటున్నవో నాకు తెలుస్తది జమునా” అన్నాడు. “తిట్టినా తెలుస్తది. ఏడిస్తేనే తెల్వది. కొంగు అడ్డమొస్తది... ఇప్పుడు చెప్పు.”

జమున ఒళ్లో పడ్డ కొంగు వంక చూసింది. తన కష్టమంతా, కన్నీరంతా ఈ గుడ్డ వెనకే చెప్పుకుంది. ఒక్క ముక్క కూడా ఈ మనిషికి చేరలేదా? ఇన్నేళ్లలో ఒక్క ముక్క కూడా!

“అమ్మ పోయిన్నాడు...” అతనికి కనపడేలా ఒక్కో మాటా పేర్చింది. “నిన్ను రమ్మన్న. ఒక్కదాన్నే నిలవడలేను, నాతోని రా అని బతిమాలిన. నువ్వు రెండే టికెట్లు తెచ్చినవ్.”

రఘుపతి మొహం తెల్లగా పాలిపోయింది.

“నన్నా? నన్ను రమ్మన్నవా?”

“రమ్మన్న.”

“నువ్వు అడుగుతవేమోనని నీ మొఖం దిక్కే చూసుకుంట కూసున్న జమునా... అడుగలేదనుకున్న! నా మీద కోపంతోని, నేను రావద్దనే నీ మనసుల ఉన్నదనుకున్న! ఒక్క మాట... ఒక్క మాట తెలిస్తే, సాంచాలు గంగల కలిసినా వస్తుంటి గదనే!”

అతను ఏడ్చాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియని ఏడుపు! గోడలు దాటి, లైనంతా వినిపించి, ఎల్లవ్వ పరుగున గుమ్మం దాకా వచ్చింది. జమున అతన్ని ఊరుకోమనలేదు. పరువు గుర్తుకే రాలేదు. అతని తలను గుండెకు హత్తుకుని తనూ గొంతెత్తి ఏడ్చింది.

కన్నీళ్లు ఆరాక అసలు సంగతి ఎదురొచ్చింది.

“నేను గాడికి మళ్ల పోను” అన్నాడు రఘుపతి. “చెవిటోడని పేరు పడ్తది. సేఠ్ నన్నెట్ల ఉంచుకుంటడు?”

“నీరజ చెప్పింది, కొత్త సాంచాలకు లైట్లుంటయట. పోగు తెగితే ఒక రంగు, మిషన్ ఖరాబైతే ఒక రంగు. గది కండ్లతోని చూసే పని, చెవులతోని కాదు” అంది జమున అతనికెదురుగా కూర్చుని. “నువ్వు ఒక్కనివే పోకు. నేనొస్త.”

“నువ్వొచ్చి ఏం చేస్తవే?”

“నేనూ నేర్చుకుంట!”

అన్నంత పనీ చేసింది. పేరున్న వాళ్లనే లోపల కూర్చోనిస్తారంటే తన పేరు కూడా రాయించుకుంది. నీలం చొక్కా చీర మీదే తొడుక్కుంది. మొదటి రోజు రాజమల్లు, అతని దోస్తులు నవ్వారు. నవ్వనీ! ఆమె రఘుపతికి ఎదురుగా, పక్కకు తిరిగి కూర్చునేది. నీరజ ఇప్పుడు బోర్డు వైపు కాక మనుషుల వైపు తిరిగే చెబుతోంది. హిందీలో చెప్పింది అందకపోతే, జమున చప్పుడు లేకుండా పెదవులతో తెలుగులో అందించేది. పగలు పాఠం, సాయంత్రం దారాల కత్తిరింపు. నడుము విరిగేది, అయినా ఆమెకు అలుపనిపించలేదు. పెళ్లయ్యాక ఇంతసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నది ఎప్పుడు కనుక!

ఒక రోజు నీరజ వచ్చి రఘుపతి ముందు నిలబడింది.

“అంకుల్, ఆ రోజు అడిగిన సవాలే మళ్ల అడుగుతున్న. ఎర్రలైటు వెలిగింది. ముందుగాల ఏం చేయాలె?”

షెడ్డంతా అటు తిరిగింది. సాయం చేయకూడదని జమున పెదవులు గట్టిగా బిగించుకుంది.

“ముందుగాల మిషన్ బంద్ చేయాలె!” అన్నాడు రఘుపతి, అవసరానికి మించిన పెద్ద గొంతుతో. “పూరా ఆగినంకనే తెర మీద ఏమున్నదో చూడాలె. ఆగకుండ లోపల చెయ్యి పెట్టొద్దు!”

అందరూ చప్పట్లు కొట్టారు. నవ్విన రాజమల్లు కూడా కొట్టాడు. ఆ చప్పుడు రఘుపతికి చేరలేదు. కలుస్తూ విడిపోతున్న అన్ని చేతులను చూసి, సిగ్గుపడి, జమున వైపు తిరిగాడు.

జమునకు ఏడుపు తన్నుకొచ్చింది. చెయ్యి అలవాటుగా కొంగు అందుకుంది, నోటి దాకా తెచ్చింది... అతను చూస్తున్నాడు. ఆమె కొంగు వదిలేసింది. అంతమంది మధ్య, చెంపల మీద కారుతున్న నీళ్లు తుడుచుకోకుండా, పెదవులు మాత్రం కదిపింది.

“పెద్దలకిచ్చే పెత్రమాసకు ఊరికి పోదాం. అమ్మ పేరు మీద బియ్యమిద్దాం. నువ్వు గూడ రా.”

మోతలో మాట్లాడుకునే మగ్గం పనివాళ్ల లాగా, రఘుపతి చెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపించాడు. మూడు టికెట్లు.