జోల కాస్తా గోలైన ఆదివారం

గురుమూర్తి జపాను అల్లుడి పేరు మసారు. వర్తూరు వీధిలో అందరూ అతన్ని 'మా సారు' అనేస్తుంటే, కాలేజీ సారు అనుకుంటున్నారని మామగారు లోలోపల మురిసిపోయేవాడు. అసలు సంగతి చెబితే పరువు పోతుందని భయం. టీవీ సీరియళ్ళకీ, పిల్లల బొమ్మల కథలకీ సంగీతం కట్టడమూ ఒక ఉద్యోగమేనా? మేడమీద గదికి తాళం వేసుకుని, లోపల తాళం వేసుకోవడం.

టోక్యోలో ఏళ్ళ తరబడి ఇంకొకరి చాటున పనిచేశాక, తన ఒక్కడి పేరు మీద వచ్చిన మొదటి బొమ్మల సీరియల్ డిస్కును ఆ ఆదివారం పొద్దున మసారు ఇంటిల్లిపాదికీ వేసి చూపించాడు. గురుమూర్తి భార్య ప్రేమకుమారి టిఫినుకు చేసిన ఉప్పిట్టు పళ్ళేల్లో పెట్టి అందించింది. కూతురు కిరణ్మయి తన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

తెరమీద ఒక ముసలి పిల్లి చచ్చిపోయింది. వెనకనుంచి వేణువు మీద ఒక జోలపాట సాగింది. గురుమూర్తి పళ్ళెం ఠక్కున కింద పెట్టాడు.

"ఆపప్పా. అది మా యమ్మ పాట. పిల్లల్ని నిద్రపుచ్చే పాటను పిల్లి పాడెకు కట్టినావా?"

జోల కాస్తా గోల అయింది.

"నేను పిల్లికి రాయలేదు మామా," మసారు వచ్చీరాని తెలుగు కూడగట్టుకున్నాడు. "మా పని అట్ల. బొమ్మలు రాకముందే రాయాల. కోపానికి ఒకటి, వానకు ఒకటి, నిద్రకు ఒకటి. ఏది ఎక్కడ పెట్టేది అక్కడి డైరెక్టరు ఇష్టం. నాకూ ఇప్పుడే తెలిసె."

"బొమ్మ చూడకుండానే బొట్టు పెట్టినావన్నమాట. ఫోన్ చెయ్. ఆ పాట తీసేయమను."

"తీసేయమంటే ఇంక ఆయనకు అక్కడ పనే ఉండదు నాయనా," కిరణ్మయి గొంతు పెంచింది.

"లేకుంటే పోనీ. అల్లుడంటే సొంతంగా అల్లాల. మా యమ్మ సొత్తు ఎత్తుకుపోతే దాన్ని ఏమంటారు?"

మసారు మొహం ఎర్రబడింది. లేచి ఫోన్ అందుకున్నాడు. ప్రేమకుమారి అడ్డం వచ్చింది.

"మీ యమ్మ ఏనాడు పాడింది?"

"ఏందే ఆ మాట?"

"ఆయమ్మకు పాటంటేనే పడదు. కిరణు పసిబిడ్డగా గుక్కపెట్టి ఏడుస్తా ఉంటే నేను కట్టిన పాట అది. మాటా నాదే, వరసా నాదే. చుట్టాలొస్తే చాలు, 'మా యమ్మ పాట' అని నువ్వే చాటుకుంటివి. కోడలు కట్టిందంటే ఎవరు నమ్ముతారులే అని ఊరుకుంటి. ఈ పిల్లోడొక్కడే అడిగె, 'అత్తా, ఇది ఎవరు కట్టిరి' అని. నన్ను అడిగే రాసుకున్నాడు."

 గురుమూర్తి ఇన్నేళ్ళూ భార్య గొంతులో తల్లిని విన్నాడేగానీ, పాడుతున్న మనిషిని వినలేదు. కోపం దిగలేదు, దిగే చోటు దొరక్క అతని మీదికే వచ్చి కూర్చుంది. కళ్ళు మసకబారాయి.

అల్లుడి చేతిలోంచి ఫోన్ తీసి పెట్టేశాడు. "తప్పు నాదప్పా. పాట ఉండనీ."

తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఒకసారి పాడే."

"ఇప్పుడెవరికి నిద్రొస్తా ఉండాదని?" ఆమె కోపం ఇంకా ఆరలేదు.

"ఇన్నేళ్ళూ నిద్దట్లో వింటి. ఒకసారి మేలుకుని వింటా."

ప్రేమకుమారి అటు తిరిగి, పళ్ళేలు ఒకదానిలో ఒకటి పెడుతూ, మెల్లగా ఎత్తుకుంది. గురుమూర్తి కళ్ళు మూసుకోలేదు.