గ్రేసమ్మ నేర్పని ఇంగ్లీషు

పొద్దున్నే ఉప్మాలో ఉప్పు మర్చిపోయింది శాంతి. ఇంకేముంది, అత్త గ్రేసమ్మ నోటికి పని దొరికింది.

"అబ్బో, ఏం ఉప్మానే తల్లీ! ఉప్పనేదే లేకుండా నా బీపీ సంగతి చూసుకుంటన్నావు. నీ అంత జాగర్త మా వంశంలో ఎవురికుంది!"

రాజుపాలెం మొత్తంలో గ్రేసమ్మ ఎటకారానికి ఎదురు నిలిచిన మొనగాడు లేడు. ఆమె తిన్నగా ఒక్క మాటన్నా మాట్లాడగా విన్నవాళ్లూ లేరు. శాంతి ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. ఆమె ప్రాణమంతా చేతిలో ఉన్న ఇంగ్లీషు పాఠం మీదే ఉంది. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం కోసం పోయిన నెల డెమో క్లాసు చెప్పి నవ్వులపాలైంది. పాఠంలో ఒక ప్రయాణికుడు తాను దిగిన లాడ్జిని తెగ పొగుడుతుంటే, అది నిజంగానే గొప్ప లాడ్జి అని చెప్పేసింది. పిల్లలు ఘొల్లుమన్నారు. హెడ్మిస్ట్రెస్ జాలిపడి అదే పాఠంతో ఇవాళ ఇంకో అవకాశం ఇచ్చింది. ఇదే ఆఖరిది.

"ఎందుకొచ్చిన తిప్పలే?" అన్నాడు మొగుడు సుధాకర్. "మళ్లీ పరువు పోగొట్టుకునే బదులు రానని ఫోన్ చేసెయ్."

"చెయ్యను! తెలుగు మీడియందాన్నయితే ఏంది, నాకు బుర్ర లేదా?" శాంతి పాఠం తీసి చూపించింది. "ఒక్కో వాక్యం గజం పొడుగుంది. చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతన్నా." కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గ్రేసమ్మ అందుకుంది. "ఒరేయ్ సుధాకరా, పెళ్లాం ఏడుస్తంటే, అచ్చం మీ నాయన లాగా, ఆయనా అంతేలే, నాకు నొప్పులొస్తంటే అరుగు మీద పేపరు చదివాడు, ఆయన చదవకపోతే ఆ పేపరోళ్లు ఏమైపోతారో పాపం, అట్టా చూస్తా కూచోక దాన్ని బండి మీద దింపిరా! ఎంత దయగల మొగుడివో!"

శాంతి ఏడుపు ఠక్కున ఆగింది. ఇంత పొడుగు మాటలో అత్త చెప్పింది ఒక్కటే, దింపి రమ్మని. మిగతావన్నీ మధ్యలో తగిలించినవి. దయగల మొగుడంటే పొగడ్త కాదని ఈ ఇంట్లో పిల్లిక్కూడా తెలుసు. మరి పాఠంలో, కిటికీకి రెక్కల్లేని లాడ్జి గదిలోకి వాన కూడా వచ్చి పలకరించిందనీ, ఇంత మర్యాద ఎక్కడా చూడలేదనీ రాసినాయన?

"ఓరి దేవుడా! ఈయన అచ్చం మా అత్తే!"

గబగబా పాఠం తెరిచింది. ఎవరు, ఏం చేశారు అన్నది ముందు పట్టుకుని, మధ్యలో మాటలు పక్కనపెట్టి చదివింది. గది ఎంత అధ్వాన్నమైతే పొగడ్త అంత పెరుగుతోంది. శాంతి పకపకా నవ్వింది.

"దీనికేమైందిరా?" అని హడలిపోయింది గ్రేసమ్మ.

క్లాసులో శాంతి ముందుగా ఒక్కటే అడిగింది, "మీ ఇంట్లో ఎటకారం చేసేదెవరు?" అని. చేతులన్నీ లేచాయి. నాయనమ్మ, మేనత్త, తాత! ఆ తర్వాత ఆ ప్రయాణికుడు నోరు తెరిచినప్పుడల్లా పిల్లలు విరగబడి నవ్వారు. ఈసారి నవ్వు పాఠానికి, టీచరుకు కాదు.

సాయంత్రం గుమ్మంలోనే గ్రేసమ్మ ఎదురొచ్చింది. "ఏమైందే?"

"ఏముందత్తయ్యా, నా పాఠం వాళ్లకు బొత్తిగా నచ్చలేదు. అందుకే సోమవారం నించి రోజూ వచ్చి చెప్పమన్నారు."

గ్రేసమ్మ బిత్తరపోయింది. అర్థమయ్యాక పగలబడి నవ్వి, కోడల్ని దగ్గరకు లాక్కుంది.

"చానా బాగా చదువుకున్నావమ్మా. నాకు చానా సంతోషంగా ఉంది."

దాని వెనక వచ్చే చురక కోసం శాంతి ఎదురుచూసింది. రాలేదు. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆ మాటకు పైకి వినపడేది తప్ప ఇంకో అర్థమే లేదని తెలిసి, శాంతి ఆమె భుజం మీద వాలిపోయి హాయిగా ఏడ్చేసింది.